కప్పు ఎవరిది?

మా ఇంట్లో కాఫీ కప్పులు తప్ప మరో రకం కప్పులు లేవు. మా వారు ముప్పై ఏళ్ళు బడిపంతులుగా, అందులో చివరి ఆరేళ్ళు హెడ్మాస్టరుగా పనిచేసి, ఎందరు పిల్లల చేతుల్లోనో కప్పులు పెట్టించారు గాని తనకంటూ ఒక్కటీ ఇంటికి తెచ్చుకోలేదు. అంచేత కప్పు ఎవరికి చెందాలి అన్న ప్రశ్న నా నిద్రనెప్పుడూ చెడగొట్టలేదు. మొన్న ఆదివారం దాకా.

ఆదివారం పొద్దున మా పక్కింటావిడ గోడ మీంచి పిలిచింది. ఆవిడ మిషను కుడుతుంది. ఏటూరునాగారంలో సగం మంది జాకెట్లు ఆవిడ చేతి మీదుగా పోవలసిందే. "అక్కా, ఒక్కసారొచ్చి పోరాదూ. పోరి నిన్న రాత్రి హనుమకొండ నుంచి వచ్చింది. వచ్చినకాడికెల్లి ముసుగుతన్ని పన్నది. తిండి లేదు, మాట లేదు. నువ్వన్నా రెండు మాటలు చెప్పు" అంది.

మనలో చాలామందికి ఇతరుల పిల్లలకి రెండు మాటలు చెప్పడమంటే మహా సరదా. చేతిలో కప్పు అలాగే పట్టుకుని వెళ్ళాను.

ఆ అమ్మాయి హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. హాస్టల్లో ఉంటుంది. మా వైపు పిల్లలకి ఆటలంటే కబడ్డీ, ఖోఖో, మహా అయితే వాలీబాల్. బాస్కెట్ బాల్ అనేది మా ఊళ్ళో గాలికి పెరిగే ఆట కాదు. దానికి గచ్చు కావాలి, ఇనప కమ్మీ కావాలి, బంతి సరిగ్గా ఎగరాలి. ఈ పిల్ల కాలేజీలో చేరాకే దాన్ని కళ్ళారా చూసింది. పొడుగ్గా ఉందని పీడీ మేడమ్ పిలిచి నిలబెట్టిందట. రెండేళ్ళలో జట్టులో ముఖ్యురాలైంది. మొన్న కాలేజీల మధ్య ఆడపిల్లల పోటీలు జరిగాయి. ఆరు కాలేజీలు వచ్చాయి. ముందు ప్రతి జట్టూ మిగతా అయిదింటితోనూ ఆడాలి. అందులో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్ళు చివరి రోజు కప్పు కోసం ఆడాలి. మా వాళ్ళు అయిదుకి అయిదూ గెలిచారు. రెండో జట్టు మూడు గెలిచి రెండు ఓడింది. ఆ ఓడిన రెండిట్లో ఒకటి మా వాళ్ళ చేతిలోనే, పదకొండు పాయింట్ల తేడాతో. చివరి రోజు అదే జట్టు మా వాళ్ళని 38-37తో ఓడించి కప్పు పట్టుకుపోయింది.

నేను మంచం పక్కన కూర్చుని, "గెలుపోటములు సహజమే తల్లీ" అన్నాను. అందరూ అనేదే. పిల్ల ముసుగు తీసి నావైపు చూసిన చూపు మీరు చూడాల్సింది.

"పెద్దమ్మా, అయిదు గెలిచి ఒక్కటి ఓడినోళ్ళం మేము. రెండు ఓడినోళ్ళు వాళ్ళు. మరి ఓడినోళ్ళం మేమెట్లయితం?" అంది.

నా దగ్గర జవాబు లేదు. కాఫీ మాత్రం చల్లారిపోయింది.

ఇంటికొచ్చి వంట చేస్తున్నా ఆ మాటే బుర్రలో తిరిగింది. అసలీ ఆట పుట్టుకేమిటో చూద్దామని మా వారి పుస్తకాలు తిరగేశాను. చూశారూ, ఇది కూడా ఒక పంతులు పెట్టిన ఆటే. 1891 డిసెంబరులో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే కెనడా ఆయన, చలికాలంలో బయటికి పోలేక లోపల అల్లరి చేస్తున్న కుర్రాళ్ళకి ఏదో ఒక వ్యాపకం కావాలని రెండు పీచ్ పళ్ళ బుట్టలు తెప్పించి, మేడ వసారా పిట్టగోడకి కొట్టించాడు. ఆ పిట్టగోడ పది అడుగుల ఎత్తున ఉండటం వల్ల ఈనాటికీ ఆ కమ్మీ ఎత్తు పది అడుగులే. మొదటి ఆటలో బంతి బుట్టలో పడింది ఒకే ఒక్కసారి. పడ్డ బంతిని ఎవరో ఎక్కి తీయాల్సిందే, ఎందుకంటే బుట్టకి అడుగు ఉంది! అడుగు తీసేస్తే సరిపోతుందని తట్టడానికి ఆ మహానుభావులకి కొంతకాలం పట్టింది. చిల్లుల గిన్నె వాడే ఆడవాళ్ళెవరూ ఆ గదిలో లేరు కాబోలు.

ఆడవాళ్ళు మాత్రం ఎంతో వెనకబడలేదు. పక్క ఊళ్ళోనే స్మిత్ కాలేజీ అని ఆడపిల్లల కాలేజీలో సెండా బెరెన్సన్ అనే ఆవిడ వ్యాయామం నేర్పేది. మరుసటి ఏడే, అంటే 1892లో, ఆవిడ ఈ ఆటను తన పిల్లలకి నేర్పింది. 1893 మార్చిలో మొదటి సంవత్సరం వాళ్ళకీ రెండో సంవత్సరం వాళ్ళకీ పోటీ పెడితే మగవాళ్ళని లోపలికి రానివ్వలేదు. ఆవిడ నియమాలు కూడా మార్చింది. ఒకరి చేతిలోంచి ఒకరు బంతి లాక్కోకూడదు. మూడు సెకన్ల కంటె ఎక్కువ ఎవ్వరూ దగ్గర పెట్టుకోకూడదు. ఎవరి గడిలో వారే ఆడాలి. ఇది చదివి నేను నవ్వుకున్నాను. లాక్కోవద్దు, దాచుకోవద్దు, గీత దాటవద్దు. మా అమ్మ నాకు నేర్పినవి కూడా అవే కదా!

1896 ఏప్రిల్లో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఆడపిల్లలు ఆడిన ఆట రెండు కాలేజీల మధ్య ఆడవాళ్ళు ఆడిన మొదటి పోటీ. అక్కడా మగవాళ్ళకి ప్రవేశం లేదు. స్టాన్‌ఫర్డ్ పిల్లలు 2-1తో గెలిచారు. అప్పటినుంచీ ఇంత ఉత్సాహంగా ఆడుతున్నా, ఒలింపిక్స్‌లో మగవాళ్ళ ఆట 1936లో చేరితే ఆడవాళ్ళ ఆట చేరింది 1976లో. నలభై ఏళ్ళు బయట నిలబెట్టారన్నమాట. బంతి భోజనాల్లో ఆఖరి బంతి మనదే కదా, ఈ బంతిలోనూ అంతే!

సరే, పిల్ల అడిగిన ప్రశ్న అది కాదు. రోజూ బాగా ఆడినవాళ్ళు గొప్పా, ఆ రోజు బాగా ఆడినవాళ్ళు గొప్పా అనేది ప్రశ్న.

మా తమ్ముడి కొడుకు అమెరికాలో నార్త్ కరోలినాలో రాలీ అనే ఊరి దగ్గర ఉంటాడు. ఆదివారం ఫోను చేస్తాడు. వాణ్ణి అడిగాను. "అత్తా, ఈ తగాదా మీద మా ఊళ్ళో తరాలు గడిచిపోయాయి" అన్నాడు. అక్కడ ఒక ప్రాంతం కాలేజీలన్నీ కలిసి కూటమి కడతాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. చలికాలమంతా తమలో తాము ఆడతాయి. ఆ తర్వాత మార్చిలో నాలుగైదు రోజులు టోర్నమెంటు. ఓడితే ఇంటికే. వీళ్ళ వైపు కాన్ఫరెన్స్ 1953లో పుట్టింది. 1954 నుంచి టోర్నమెంటు పెట్టారు. ఆ రోజుల్లో బళ్ళలో పంతుళ్ళే టీవీలు తరగతి గదుల్లోకి దొర్లించుకొచ్చి పిల్లలకి ఆట చూపించేవారట. (మా వారు వింటే ఉద్యోగం మానుకుని అక్కడికి పోయేవారు.) మొదటి ఇరవై ఏళ్ళూ అక్కడ నియమం ఏమిటంటే, చలికాలమంతా ఎన్ని గెలిచినా లెక్కలోకి రాదు. టోర్నమెంటు గెలిచిన ఒక్క జట్టే దేశం మొత్తం మీది పోటీకి పోతుంది.

1970లో సౌత్ కరోలినా జట్టు కూటమిలో 14 ఆటలు ఆడి 14 గెలిచింది. టోర్నమెంటు సెమీఫైనల్లో వాళ్ళ ముఖ్యమైన ఆటగాడు జాన్ రోష్‌కి చీలమండ బెణికింది. ఫైనల్లో ఆట రెండుసార్లు పొడిగించాక 42-39తో ఓడారు. అంతే, ఏడాదంతా పోసిన పాలు పొయ్యిపాలు. 1974లో మేరీలాండ్ జట్టు ఇలాగే పొడిగించిన ఆటలో 103-100తో ఓడింది. గెలిచిన నార్త్ కరోలినా స్టేట్ ఆ ఏడు దేశానికే విజేత అయింది. అంటే ఓడిన మేరీలాండ్ ఎంత గట్టి జట్టో ఊహించండి. వాళ్ళు ఇంట్లో కూర్చున్నారు. ఇది అన్యాయమని అందరికీ తోచి, 1975 నుంచి ఒక కూటమి నుంచి ఒకటి కంటె ఎక్కువ జట్లు వెళ్ళే వీలు కల్పించారు.

నేను ఫోను పెట్టేసి, "చూశారా, అమెరికా వాళ్ళే ఒప్పుకున్నారు. మన పిల్లదే న్యాయం" అన్నాను మా వారితో.

నా పక్షపాతానికి కారణం ఉందండీ. ఆడవాళ్ళ బతుకులో లీగు ఆటలే గాని ఫైనలనేది ఎక్కడుంది? నలభై ఏళ్ళుగా రోజుకి రెండు పూటలా వండుతున్నాను. లెక్క కట్టండి. ఎవరూ పాయింట్లు వేయరు. ఒక్కరోజు, మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థం నాడు, పప్పుచారులో ఉప్పు రెండుసార్లు పడింది. ఇప్పటికీ మా అత్తవారి తరఫు వాళ్ళు నలుగురు కలిస్తే ఆ పప్పుచారు వడ్డించకుండా ఉండరు. పాతిక వేల పూటలకి పైగా ఒకెత్తు, ఆ ఒక్క పూట ఒకెత్తు. ఒక్కరోజు తీర్పంటే నాకు కడుపుమంట ఉందంటే ఉండదా మరి!

మా వారు పేపరు మడిచారు. "ఆ గెలిచిన జట్టు రెండు ఆటలు ఎందుకు ఓడిందో కనుక్కున్నావా?" అన్నారు.

కనుక్కోలేదు. పిల్లని అడిగితే ముందు చెప్పలేదు. సాయంత్రం బజ్జీలు వేసి పిలిస్తే వచ్చింది, రెండు తిన్నాక నెమ్మదిగా చెప్పింది. వాళ్ళది చిన్న కాలేజీ. వచ్చిందే ఆరుగురు. బరిలో అయిదుగురుండాలి గనక బయట కూర్చునేది ఒక్కతే. మొదటి రోజు ఇద్దరికి ప్రాక్టికల్సు ఉండి మధ్యాహ్నానికి గాని బస్సు దిగలేదు. పొద్దుటి ఆట నలుగురితో మొదలుపెట్టి ఓడారు. ఆ సాయంత్రమే అలిసిపోయి మా వాళ్ళ చేతిలో ఓడారు. వాళ్ళ కాలేజీలో మట్టి నేల మీద కోర్టు, కమ్మీకి వలకూడా లేదట. "బంతి లోపట్నుంచి పోయిందో బయట్నుంచి పోయిందో వాళ్ళే కొట్లాడుకుంటరంట" అని పిల్ల మొదటిసారి నవ్వింది.

నేను ఆలోచనలో పడ్డాను. రోజూ ఒకేలా ఆడగలగడం గొప్పే. కాని రోజూ ఒకేలా ఉండాలంటే ఎన్ని అమరాలి! కోర్టు పక్కనే హాస్టలుండాలి. బయట కూర్చోడానికి మరో అయిదుగురు ఉండాలి. పరీక్షలు అడ్డం రాకూడదు. బస్సు సమయానికి రావాలి. మా ఊరి నుంచి తాడ్వాయి అడవి దాటి, పస్రా, ములుగు మీదుగా హనుమకొండ చేరేవాళ్ళకి సమయం అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. లీగు పట్టికలో గెలుపులు కనిపిస్తాయి, బస్సులు కనిపించవు. ఏమీ అమరని వాళ్ళకి ఏడాది పొడుగునా నెగ్గుకు రావడం చేతకాదు. ఒక్కరోజు, గంటా గంటన్నరసేపు, ప్రాణం పెట్టి ఆడటం చేతనవుతుంది. ఆ ఒక్కరోజునూ తీసేస్తే వాళ్ళకి మిగిలేదేమిటి?

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పకపోతే దొంగతనం చేసినట్టే. నాకు పెళ్ళిచూపులంటే మహా కోపం. మనిషినంతటినీ ఒక్క పూటలో చూసి తేల్చేయడమేమిటని ఎన్నోసార్లు వాదించాను. కాని నా పెళ్ళి ఎలా కుదిరింది? మా నాన్నది గుమాస్తా ఉద్యోగం. నలుగురు ఆడపిల్లలం. నా రంగు నలుపు. చదువు పదో తరగతి. కాగితం మీద చూస్తే మా వారికి వచ్చిన సంబంధాల్లో మాది ఆఖరిదట. ఇష్టం లేకుండానే, మధ్యవర్తి మాట తీసెయ్యలేక వచ్చారు. ఆ రోజు ఉప్మా పళ్ళెం పట్టుకుని వస్తూ గడప తన్నుకుని, పళ్ళెం పడకుండా ఆపి, నాకే నవ్వొచ్చి ఫక్కున నవ్వేశాను. మా అమ్మ మొహం మాడిపోయింది. ఆయన కూడా నవ్వారు. అంతే. లీగు ప్రకారం పోతే నాకు సెమీఫైనలు కూడా దక్కేది కాదు. పప్పుచారు నాడు ఒక్కరోజు తీర్పుని తిట్టుకున్నదాన్ని, ఉప్మా నాడు ఆ తీర్పుతోనే ఈ ఇంట్లోకి వచ్చాను.

ఈ మాట పిల్లతో అంటే, "అయితే వాళ్ళు గెలిచుడే కరెక్టా పెద్దమ్మా?" అంది. నేను నీళ్ళు నమిలాను. పదకొండు పాయింట్లతో గెలిచిన ఆట ఏమీ కాకుండా పోలేదు కదా!

ఇంతలో వాళ్ళమ్మ కుట్టిన జాకెట్టు ఇచ్చిపోదామని వచ్చి మా మాటలు వింది. "ఇదంతా నాకు తెల్వది గని అక్కా, ఓడినోళ్ళకు ఏమీ లేదంటే నేనొప్పుకోను. సమ్మక్క గెలిచిందా? సారలమ్మ గెలిచిందా?" అంది.

మేడారం మాకు ఎంతో దూరం లేదు. మా ఏటూరునాగారం ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా. జిల్లా ఏదైనా రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి మా దారులన్నీ అటే. ఇక్కడివాళ్ళు చెప్పుకునే కథ మీకు తెలిసిందే. కరువు వచ్చి కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మేడారం మీదికి వచ్చింది. పగిడిద్దరాజు పడిపోయాడు, సారలమ్మ పడిపోయింది. కొడుకు జంపన్న ఓటమి భరించలేక సంపెంగవాగులో దూకాడు, ఆ వాగే జంపన్నవాగు అయింది. వెన్నుపోటు తిన్న సమ్మక్క నెత్తురోడుతూ చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైతే, వెతికినవాళ్ళకి పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. ఆ ఆట ఏ పట్టికలో రాసినా మేడారం ఓడినట్టే. కాని లక్షల మంది నిలువెత్తు బెల్లం తూచి, దాన్ని బంగారమని నెత్తిన పెట్టుకుని పోయేది ఆ గద్దెల దగ్గరికే. గెలిచిన సేనాపతి పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు.

"గెలిచిన ప్రతాపరుద్రుడూ 1323లో ఢిల్లీ సైన్యానికి ఓడిపోయాడులే" అన్నారు మా వారు. హెడ్మాస్టర్లకి తేదీ చెప్పకుండా ఊరుకోవడం కష్టం.

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత మంచి మాట అంది, చదువు లేనావిడ, అనుకున్నాను. పిల్ల మాత్రం ఆఖరి బజ్జీ ఒలుచుకుంటూ, "అమ్మా, నాకు గద్దె వద్దే. యూనివర్సిటీ టీములో పేరు రావాలె. సర్టిఫికెట్ కావాలె. కప్పు కొట్టిన టీము మీదనే అందరి కన్ను ఉంటది" అంది.

నా చెమ్మ ఆరిపోయింది. నిజమే. ఓడినవాళ్ళు దేవతలు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. ఈ పిల్లకి డిగ్రీ పూర్తి కావడానికి ఏడాదిన్నర ఉంది. ఇతరుల ఓటమికి అందమైన అర్థాలు చెప్పడం, మిషను పెడల్ తొక్కి కూతుర్ని చదివిస్తున్న తల్లికి తగునేమో గాని, పింఛను మీద బతికే నాకు తగదు.

వాళ్ళమ్మ లేచి వెళ్ళాక పిల్ల కదల్లేదు. గిన్నెలు నాతో పాటు సర్దుతూ, నావైపు చూడకుండా అసలు మాట చెప్పింది. చివర్లో ఏడు సెకన్లు ఉంది. ఒక్క పాయింటు వెనక ఉన్నారు. అవతలి పిల్ల చెయ్యి తగిలి ఈ పిల్లకి రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. ఫ్రీ త్రో అంటే పదిహేను అడుగుల దూరాన గీత దగ్గర ఒంటరిగా నిలబడి వేయాలి. ఎవరూ అడ్డం రారు, ఎవరూ తోయరు. ఒకటి పడితే సమానం. రెండు పడితే కప్పు. రెండూ పోయినై.

"ఎవలన్నా అడ్డమొచ్చినా మంచిగుండు పెద్దమ్మా" అంది.

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. రెండు రోజులుగా మేమందరం లీగు న్యాయమా, ఫైనలు న్యాయమా అని అమెరికా దాకా, కాకతీయుల దాకా పోయి వస్తున్నాం. పిల్ల మాత్రం ఆ గీత దగ్గరే నిలబడి ఉంది. పోటీ పద్ధతి తప్పని తేలితే ఆ రెండు బంతుల బరువు కాస్త తగ్గుతుందని దాని ఆశ. నేను మాత్రం ఏం తక్కువ? పప్పుచారు సంగతి వచ్చినప్పుడల్లా "నలభై ఏళ్ళ వంట గుర్తు లేదా" అని వాదిస్తాను గాని, ఆ రోజు ఉప్పు వేశానో లేదో మరిచిపోయింది నేనేనని ఎవరితోనూ అనలేదు. ఇదిగో, ఇప్పుడు మీతోనే అంటున్నాను.

"నువ్వు వేసినవి పడలేదు" అన్నాను చివరికి. "అవును" అంది. ఇంకేమీ అనుకోలేదు మేము. మూడు గిన్నెలు కడిగింది. ఆ రాత్రి వాళ్ళింట్లో అన్నం తిందట, వాళ్ళమ్మ గోడ మీంచి చెప్పింది.

సోమవారం బస్సు మధ్యాహ్నానికి. పొద్దున్నే దబ్బు దబ్బున చప్పుడు వింటే లేచి చూశాను. మా పెరటి ప్రహరీ ఇవతల వేపచెట్టుకి, అడుగు ఊడిపోయిన నా పాత గంప కట్టి ఉంది. మా వారు టేపు పెట్టి కొలిచి, పది అడుగుల ఎత్తు సరిచూసి, పదిహేను అడుగుల దగ్గర ముగ్గుపిండితో గీత గీసి, చేతిలో పెన్సిలూ, పాత హాజరు పట్టీ పట్టుకుని నిలబడ్డారు. ముగ్గుపిండి ఎంత ఒలకబోశారో చెప్పను.

"నూటికి అరవై మూడు" అన్నారాయన.

"చివరి రెండు పడ్డయా పెద్దనాయనా?"

"ఒకటి పడింది."

పిల్ల గీత వెనక్కి వెళ్ళి మళ్ళీ నిలబడింది. బంతి గంప అంచుకి తగిలి, ఎగిరి వచ్చి, నేను కార్తీకం కోసం పెంచుకుంటున్న బంతిచెట్టు మీద పడింది.